రిజిస్టర్లో లేని తలుపు

ఆరో తలుపు గురించి సంజాయిషీ రాసి ఇమ్మని క్వార్టర్ల గుమస్తా చెప్పి వెళ్ళి నాలుగు రోజులైంది. రేపు సోమవారం పొద్దున్న పది గంటలకల్లా కాగితం ఆయన బల్లమీద ఉండాలి. ఎర్రయ్యగారింట్లో ఒక కాగితానికి బదులు మూడు తయారయ్యాయి. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

"మూడూ ఇచ్చేద్దాం బావా," అన్నాడు బామ్మర్ది తవిటయ్య, మరమరాల్లో ఆవనూనె కలుపుతూ. "ఆ గుమస్తా దాదా మూడూ సదివేసరికి ఆడు కూడా రిటైరైపోతాడు."

"నీకు నవ్వులాటగా ఉంది," అన్నాడు ఎర్రయ్యగారి తమ్ముడు నూకయ్య. "సార్జిషీటు వస్తే నాకొస్తాది. నీ బట్టల కొట్టుకి రాదు."

"రాకూడదనే గదా నాను ఆ నౌకరీ ఒగ్గేసి గోల్‌బజార్‌లో కొట్టు ఎట్టుకున్నాను!"

ఎర్రయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని, తుడిచిందే మళ్ళీ తుడుచుకున్నారు. రైలు పెట్టెలు బాగుచేసే కారేజీ షాపులో చార్జ్‌మన్‌గా ఆయన సర్వీసు ఈ జనవరి నెలాఖరుతో సరి. గడువు ఇస్తామన్నా, ఉద్యోగం అయిపోయాక సర్కారు కప్పు కింద ఒక్క రోజు కూడా పడుకోనని భీష్మించుకు కూర్చున్నారు. ముప్ఫై ఒకటో తారీకున భార్య జోగమ్మను తీసుకుని, ప్రేమ్ బజార్ అవతల బామ్మర్ది తవిటయ్య కట్టించిన రెండు గదుల్లోకి మారిపోతారు. సైకిలు మీద అరగంట దూరం. ఆ అరగంటే జోగమ్మకు సముద్రంలా కనిపిస్తోంది.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వేవారి ఈ వరస క్వార్టర్లు వీపుకు వీపు ఆనించి కట్టినవి. ఎర్రయ్యగారి వంటింటికీ, తమ్ముడు నూకయ్య వంటింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. వీధి గుమ్మాలు మాత్రం చెరో సందులోకి. ఇటునుంచి అటు చిటికెడు ఉప్పు పోవాలంటే వరస చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, అవతలి సందులో మళ్ళీ వెనక్కి రావాలి. నలభై ఎనిమిది వానాకాలంలో, నూకయ్య భార్య చిట్టెమ్మకు తొలికాన్పు నొప్పులు వచ్చిన మధ్యాహ్నం, జోగమ్మ మోకాలిలోతు నీళ్ళలో వేడినీళ్ళ బిందె మోసుకుని అలా చుట్టూ తిరిగి వెళ్ళింది. చేరేసరికి బిందెలో నీళ్ళు చల్లారిపోయాయి.

మర్నాడే ఎర్రయ్యగారు గోడకు సుత్తి వేశారు.

షాపునుంచి కర్రముక్క ఎత్తుకురావడం ఆయన వంటికి పడదు. తుక్కు వేలంలో పాత మూడో తరగతి పెట్టె తలుపు ఒకటి కొని, రసీదు దాచి, దాన్నే బిగించారు. పంతొమ్మిదేళ్ళుగా అది తెరుచుకుంటూనే ఉంది. గడియ తిప్పితే ఇప్పటికీ రైలు పెట్టె చప్పుడే చేస్తుంది. ఇల్లు అప్పగించే ముందు తలుపులు, కిటికీలు, కుళాయిలు లెక్కపెట్టడానికి వచ్చిన గుమస్తా దాని ముందు నిలబడి, "యే తో గాడీ కా దర్వాజా హై!" అని, ఇంట్లో రైలు తలుపేమిటని ముక్కున వేలేసుకున్నాడు. రిజిస్టర్లో అయిదు తలుపులు. ఇంట్లో ఆరు. అవతల నూకయ్య క్వార్టర్లోనూ అదే తలుపు మళ్ళీ లెక్కకు ఎక్కువే.

ఈ నాలుగు రోజుల్లో జోగమ్మ తలుపు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అవసరం ఉన్నా లేకపోయినా అందులోంచి అటూ ఇటూ తిరుగుతోంది. ఆవిడకు కావలసింది ఒక్కటే. తను ఉన్నా లేకపోయినా ఆ తలుపు ఉండాలి. గోడ కట్టేస్తే తను ఈ ఇంట్లో ఎన్నడూ లేనట్టేనని ఆవిడ బెంగ.

"సరే, సదవండి. ఎవరిది వాళ్ళు సదవండి," అన్నారు ఎర్రయ్యగారు చివరికి.

నూకయ్య లేచి నిలబడ్డాడు. గూడ్సు బండి గార్డు. ఇంట్లో కూడా నిలబడితే జెండా ఊపబోతున్నట్టే ఉంటాడు. కాగితం కళ్ళకు దూరంగా పట్టుకుని చదివాడు. తప్పు జరిగిందనీ, క్షమించమనీ, తమ సొంత చేతులతో, సొంత ఇటుకలతో వారంలోగా గోడ యథాప్రకారం కట్టిస్తామనీ అందులోని సారాంశం.

"దండం ఎట్టడం మర్సిపోయినావు," అన్నాడు తవిటయ్య.

"ఎడతాను. పైవోడికి దండం ఎట్టడం నాకు నామోషీ కాదు. బండిలో అరవై డబ్బాలుంటాయి. ఏ డబ్బాకి ఆ డబ్బా నా దారి నాదంటే ఏటవుద్ది? దేశమైనా అంతే. అందరం ఒక్క రూలు కింద ఉంటేనే దేశం."

"డబ్బాలకి రూలుండాల. మనుసులు డబ్బాలేటి?" తవిటయ్య తన కాగితం తీశాడు. అందులో రెండే వాక్యాలున్నాయి. తలుపు మా డబ్బుతో కొన్నది, రసీదు ఉంది. ఎవరికీ నష్టం లేదు కనుక ఇందులో సర్కారువారికి పని లేదు. "అంతే. ఇంకేటి రాయాల? సిమెంటుకి పర్మిట్టు, సక్కెరకి పర్మిట్టు. రేపు ఆవులించడానికి పర్మిట్టడుగుతారు. అసలు సర్కారు ఇళ్ళుగలాయన అవడమే జబ్బు. ఎవడిల్లు ఆడికుంటే ఈ లెక్కలెందుకు?"

"ఎవడిల్లు ఆడికుంటే, ఆడు ఇంట్లో సారా కొట్టు ఎట్టినా నీకు పర్వాలేదు."

"నాను అలగన్నానేటి?"

"అనలేదు. నీ మాట అక్కడికే పోతాది."

ఈ పోట్లాట కొత్తది కాదు. పైనెల ఎలక్షన్లు. సందు సందంతా ఎర్ర జెండాలే. ఆ జెండాకి ఓటెయ్యని ఇల్లు ఈ వరసలో ఇదొక్కటేనని అందరికీ తెలుసు. పాతవాటిని కాపాడుకోవాలి, తొందరపడి తలకిందులు చెయ్యకూడదు అన్నంతవరకు ముగ్గురిదీ ఒకే మాట. ఆ తరవాత ఒక్క మాటా కలవదు. ఎర్రయ్యగారు కాడెద్దుల గుర్తుకు వేస్తారు, అది ముందునుంచీ ఉన్నది కాబట్టి. నూకయ్య దీపం గుర్తు మనిషి. తవిటయ్య నక్షత్రం. ఆ గుర్తు మనిషి ఈ ఊళ్ళో నిలబడతాడో లేదో కూడా తెలియకుండానే కొట్లో గోడకు బొమ్మ అంటించుకున్నాడు. ఎర్ర జెండావాళ్ళతో వీళ్ళకు ఎన్నడూ గొడవ లేదు. పోట్లాటంతా వీళ్ళలో వీళ్ళకే. తలుపు కోసం మోర్చా తీస్తామని యూనియన్ వాళ్ళు మొన్న కబురు పంపితే, ముగ్గురూ ఒక్క గొంతుతో వద్దన్నారు. ఈ వారంలో వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

నిజం చెప్పాలంటే, ఆ పోట్లాటలో వాళ్ళకు సుఖం ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఎండ వంటింటి గడపదాకా వచ్చింది. మరమరాల గిన్నె చేతులు మారుతోంది. అవతలి వంటింట్లో చిట్టెమ్మ ఏదో రుబ్బుతోంది. పది రోజుల్లో ఈ ఇల్లు రెండుగా విడిపోతుందన్న సంగతి ఆ కాసేపు ఎవరికీ గుర్తులేదు.

"ఇప్పుడు నీది సదువన్నియ్యా," అన్నాడు నూకయ్య.

ఎర్రయ్యగారు చదివారు. సదరు తలుపు పంతొమ్మిదేళ్ళుగా ఉన్నది, ఇరువైపులవారికీ అలవాటైనది, గోడకు ఏ హానీ చెయ్యనిది. ఇంతకాలం ఉన్నదానికి ఉండే హక్కు దానికదే వస్తుంది కనుక దయతో ఉండనివ్వ ప్రార్థన.

నూకయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "అన్నియ్యా, నీకు కోపం రాకూడదు. గోడ ఎందుకు కట్టినారో తెలుసుకోకుండా ఎవడూ పడగొట్టకూడదని సిన్నప్పట్నుంచి నాకు సెప్పింది నువ్వే. మరి నలభై ఎనిమిదిలో ఆ గోడ ఎందుకు కట్టినారో ఆఫీసుకెళ్ళి అడిగినావా?"

తవిటయ్య తొడ చరిచాడు. "అదీ మాట!"

ఎర్రయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. నెమ్మదిగా అన్నారు. "నాను గోడ పడగొట్టలేదు నూకా. గోడ ఇప్పటికీ ఉంది. కాసింత సవరించినాను. షాపుకి పాత పెట్టె వస్తాది. సక్రాలు మారుస్తాం, బల్లలు మారుస్తాం. పెట్టె అదే. అసలు ఏటీ మార్చమంటే ఓ రోజు దార్లో ఇరిగి పడతాది. అన్నీ ఒక్కపాలి పీకేద్దామంటే అసలు పెట్టే ఉండదు. కాసింత మారిస్తేనే పాతది నిలబడతాది."

"బాగానే ఉంది. ఆ కాసింత ఎంతో ఎవరు కొలవాల?" అన్నాడు తవిటయ్య.

"రూలు," అన్నాడు నూకయ్య.

"ఎవడి సొత్తు ఆడు," అన్నాడు తవిటయ్య.

"కాలం," అన్నారు ఎర్రయ్యగారు.

"కొలిసింది నాను," అంది జోగమ్మ.

ముగ్గురూ తిరిగి చూశారు. ఆవిడ తలుపు దగ్గర చేట పట్టుకుని నిలబడి ఉంది.

"సంకలో బిందె ఎట్టుకున్న ఆడమనిషి తగలకుండా దూరాల. అంత కొలిసి బొగ్గుతో గీత గీసి ఇచ్చినాను. ఆయన గీత మీద కొట్టినారు. మీ ముగ్గురి కాయితాల్లోనూ ఆ ముక్క లేదు." చేటలో బియ్యం ఒకసారి ఎగరేసి అవతలికి వెళ్ళిపోయింది. గడియ రైలు పెట్టెలా చప్పుడు చేసింది.

మగవాళ్ళు కాసేపు మరమరాలు నమిలారు.

నాలుగు గంటలకు లూకా వచ్చాడు. ఒకటో తారీకు నుంచి ఎర్రయ్యగారి క్వార్టర్ అతనికే. రాయగడ నుంచి బదిలీ అయి వచ్చిన ఫిట్టరు. వెంట భార్య దేవమణి కూడా వచ్చింది. ఆరో నెల గర్భిణి. చలువ చేసిన చీర, చేతిలో చిన్న గుడ్డసంచి. ఇల్లు చూసుకుంటామని పెద్దవాళ్ళను అడగడానికే సిగ్గుపడుతూ గుమ్మంలో నిలబడ్డారు.

"రా అమ్మా, రా. నీ ఇల్లే," అంది జోగమ్మ. ఆ మాట అన్నందుకు ఆవిడకే మనసు చివుక్కుమంది.

దేవమణి గదులు చూసింది, కుళాయి తిప్పి చూసింది. వంటింట్లోకి రాగానే తలుపు చూసి ఆగిపోయింది.

"ఇదేటి అమ్మగారూ, రైలు తలుపు!"

"తియ్యి, తీసి సూడు," అంది అవతలి నుంచి చిట్టెమ్మ.

దేవమణి గడియ తిప్పి అటువైపు అడుగుపెట్టింది. చిట్టెమ్మ పీట వేసింది. ఎన్నో నెల, ఏ ఊరు, తల్లి వస్తుందా అని వరసగా అడిగింది. తల్లి లేదట. అత్తగారు మంచంలో ఉందట. లూకాకు షిఫ్టు డ్యూటీలు. ఒక్కతే ఉండాలి. ఆ మాట చెబుతూ దేవమణి, రోట్లో ఉన్న చింతకాయ పచ్చడి వంక చూసింది. చిట్టెమ్మ అడక్కుండానే వేడి అన్నంలో కలిపి, ముద్ద చేసి చేతిలో పెట్టింది.

ఇటువైపు జోగమ్మ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరినవే మళ్ళీ ఏరుతోంది.

ముందుగదిలో లూకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాబుగారూ, ఆ తలుపు గొడవ షాపులో ఇన్నాను. మూసేస్తారేటి? నాకు మాత్రం ఉంటే బాగుండును. నాను డ్యూటీలో ఉంటే మా ఇంటిదానికి ఓ పిలుపు దూరంలో మనిషుంటాది. ఒకటో తారీకు నుంచి ఈ ఇల్లు నాదే గదా, ఈయేపు సంతకం నాను ఎడతాను. ఆయేపు గార్డు బాబు ఎడతారు. ఇద్దరం కలిసి అర్జీ ఎడితే?"

ముగ్గురి మొహాలూ ఒకేసారి విచ్చుకున్నాయి.

"ఇద్దరు మనుసులు ఒప్పుకున్నాక ఇంకేటి? అదీ స్వతంత్రమంటే!" అన్నాడు తవిటయ్య.

"స్వతంత్రం కాదు, పద్ధతి," అన్నాడు నూకయ్య. "రెండు క్వార్టర్ల వాళ్ళు సంతకాలు ఎట్టి, మంజూరు చెయ్యమని అడగడం రూలు ప్రకారమే. తప్పు ఒప్పుకుంటాం, అనుమతి అడుగుతాం. నాకేటి అభ్యంతరం లేదు."

"తలుపు నిలబడతాది," అన్నారు ఎర్రయ్యగారు. "మనిషి మారినా తలుపు నిలబడతాది. నాకు అది సాలు."

మూడు కాగితాలూ పక్కన పెట్టి నాలుగోది తీశారు. నూకయ్య చెప్పాడు, ఎర్రయ్యగారు రాశారు, తవిటయ్య రెండుచోట్ల 'దయతో' అన్న మాట కొట్టించాడు, నూకయ్య ఒకచోట మళ్ళీ పెట్టించాడు. ఎన్నో ఏళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఓటేసిన ముగ్గురు ఒక్క కాగితం మీద తలలు ఆనించి కూర్చున్నారు. చూడముచ్చటగా ఉంది. తవిటయ్య లూకా చేతిలో మరమరాల గిన్నె పెట్టాడు.

"జోగమ్మా, ఇలగరా. ఇను," అని పిలిచారు ఎర్రయ్యగారు. పెళ్ళాం మొహంలో సంతోషం చూడాలని ఆయనకు ఆత్రంగా ఉంది.

జోగమ్మ వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆయన చదివారు. పైనుంచి కిందదాకా, తారీకుతో సహా చదివారు.

"తలుపు ఉంటాదే," అన్నారు.

"మూసేయండి," అంది జోగమ్మ.

"ఏటీ?"

"గోడ కట్టేయండి. నూకయ్య రాసిన కాయితమే ఇచ్చేయండి."

"అప్పా, నీకేటైంది?" అన్నాడు తవిటయ్య. "నాలుగు రోజులై అన్నం మానేసి నువ్వు..."

"నువ్వుండరా." ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "తలుపుంటే సాలనుకున్నాను. నాను లేకపోయినా ఉంటే సాలనుకున్నాను. ఇప్పుడే సూసినాను. నా కళ్ళ ముందరే ఇంకోలు అందులోంచి ఎళ్ళి నా పీట మీద కూకున్నారు. ఆ పిల్ల మంచిది. దానిమీద నాకేటీ లేదు. నాకు సూడ్డానికి బలం లేదు. నాతోపాటే పోవాల ఆ తలుపు."

మాటలు వినిపించి దేవమణి లేచి నిలబడింది. ముద్ద సగం చేతిలోనే ఉంది. పాపం, ఏ తప్పు చేసిందో తెలియక అటూ ఇటూ చూసింది.

ఎర్రయ్యగారు కాగితం వంక చూశారు. తలుపు కాపాడాలని బయల్దేరిన మనిషి. తలుపును కాపాడితే పెళ్ళాం మనసు పోతుంది. పెళ్ళాం మనసు కాపాడితే తలుపు పోతుంది. ముగ్గురిలో ఎవరి సిద్ధాంతంలోనూ దీనికి జవాబు లేదు. నూకయ్య గోడ వంక, తవిటయ్య గిన్నె వంక చూస్తున్నారు.

"సరేనే," అన్నారాయన నీరసంగా. "నీకోసం కొట్టిన గోడ. నువ్వు మూసేయమంటే..."

"అక్క ఒక్కదానికోసమేనేటి బావగారూ?"

చిట్టెమ్మ తలుపు మధ్యలో నిలబడి ఉంది. కాపరానికి వచ్చిన నాటినుంచి బావగారి ఎదుట గొంతెత్తని మనిషి. జోగమ్మ మాటకు ఎదురు చెప్పింది లేదు. పచ్చడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ మాట్లాడింది.

"అక్కా, నువ్వు ఎలిపోతావు. ఎళ్ళాల, ఎలిపోతావు. ఈయన బండెక్కితే మూడేసి రోజులు రాడు. అన్ని రాత్రులూ ఆ తలుపు ఓర తీసి, నీ దగ్గు ఇనపడితేనే నిద్దరపోయినాను. నెలాఖరు దాటినాక నాను గోడేపు సూసి పడుకోవాలేటి?"

"సిట్టీ..."

"నొప్పులొచ్చినప్పుడు మా యమ్మ లేదు. నువ్వొచ్చినావు. దానికీ యమ్మ లేదు. నాను ఎళ్ళొద్దేటి?"

చిట్టెమ్మ వెనక దేవమణి కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ళలో తోటికోడళ్ళు ఒకరి మొహం ఒకరు అలా చూసుకోవడం అదే మొదటిసారి.

"గోడకి రెండేపులుంటాయి అక్కా," అంది చిట్టెమ్మ. "నీ ఏపు నువ్వు కట్టించుకో. నా ఏపు నాను కట్టనివ్వను."

ఆ మాట అని, వెనక్కి తిరిగి దేవమణి చెయ్యి పట్టుకుని మళ్ళీ పీట మీద కూర్చోబెట్టింది. తలుపు ఎవరూ వెయ్యలేదు. నాలుగో కాగితం మీద సంతకం చోటు ఖాళీగా ఉంది.